మీ ఊరు ఒక్క మాటలో

పోయిన నెల ఈ శీర్షికలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులైన మిమ్మల్ని ఒకటి అడిగాను. మీ ఊరు ఎలాంటిదో నవ్వుతూ ఒక్క మాటలో చెప్పమంటే ఏం చెబుతారో రాయమన్నాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. చాలామంది ఊరి మాటతో పాటు ఒక ప్రశ్న కూడా జత చేశారు.

కొత్త పాఠకుల కోసం నా సంగతి కొంచెం. ఆర్టీసీలో 32 ఏళ్లు కండక్టరుగా చేసి 2016లో రిటైరయ్యాను. నెల్లూరు–ఒంగోలు, కందుకూరు–కనిగిరి, ఒంగోలు–మార్కాపురం రూట్లలోనే నా సర్వీసు చాలా వరకు గడిచింది. దిగే స్టేజీ దగ్గర పడేటప్పుడు మనుషులు సీటు కింద సంచీ లాక్కుంటూ, పక్కవాళ్లతో తమ ఊరి గురించి ఒక మాట అని దిగిపోతారు. అలాంటి మాటలు నాకు పాఠం.

వచ్చినవాటిలో సగం పైగా పక్కన పెట్టాను. 'మా ఊళ్లో దోమలెక్కువ', 'మా ఊళ్లో టీ కొట్టు దగ్గరే ప్రభుత్వాలు మారతాయి' లాంటివి చదవడానికి బాగానే ఉన్నాయి. కానీ ఆ ఊరి పేరు కొట్టేసి ఇంకో ఊరి పేరు పెట్టినా సరిపోతున్నాయి. నేను చూసేది అదొక్కటే. మాట ఆ ఊరికి తప్ప ఇంకే ఊరికీ అతకకూడదు.

ప్రశ్న: మాది నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట. బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో నన్ను 'చేపల పులుసు' అనే పిలుస్తారు. మా ఊరంటే అంతేనా అని బాధేస్తుంది. వాళ్లకు చెప్పడానికి ఒక మంచి మాట ఇవ్వండి.

జవాబు: బాబూ, ముందు పులుసును తక్కువ చెయ్యొద్దు. మామిడికాయ ముక్కలు వేసి, చింతపండు రసం చిక్కబడేదాకా కాచి, ఇల్లంతా ఘుమఘుమలాడుతున్నా ఆ పూటకు ఆగి మర్నాడు తినే ఓపిక మీ ఊరిది. 'నెల్లూరోడికి నిన్నటి పులుసు మీద ఉన్న నమ్మకం రేపటి మీద ఉండదు' అని మీ ఊరి పెద్దాయన ఒకరు నా బస్సులోనే అన్నారు. ఆ రేపు ఏమిటో తెలియాలంటే ఇంకో మాట వినాలి. ఇందుకూరుపేట వైపు రైతు అన్నది: 'మాకు రెండే కాలాలయ్యా, ఎండాకాలం, వాయుగుండం.'

ఈ మాట మీ స్నేహితులకు విడమరిచి చెప్పు. రాష్ట్రంలో చాలా జిల్లాలకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే నైరుతి వానలే ఆధారం. నెల్లూరుకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితేనే చెరువు నిండుతుంది, అది మరీ బలంగా వస్తే అదే చెరువు తెగుతుంది. అంటే మీ రైతు దేని కోసం ఎదురు చూస్తాడో దానికే భయపడాలి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, మద్రాసు లైనులో రైళ్లు ఆగిపోయాయి. వేరే ఊళ్లవాళ్లకు అది ఒకరోజు వార్త, మీ ఊరికి అది ఒక కాలం.

నా సర్వీసులో ఒక నవంబరు రాత్రి చెరువు నిండి, నీళ్లు పొర్లిపోయే కలుజు రోడ్డు మీదుగా పారుతుంటే బస్సు ఆపేశాం. ముందు లారీలు, వెనక లారీలు. తెల్లారేదాకా కదిలే దారి లేదు. నెల్లూరులో కూతురు పురిటికి ఉందని ఒకామె మూత చుట్టూ గుడ్డ కట్టిన గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అర్ధరాత్రి దాటాక ఆ మూత విప్పింది. 'నిన్నటిది నాయనా, ఇప్పుడే బాగుంటది, తినండి' అని బస్సులో ఉన్న పిల్లలందరికీ, నాకూ డ్రైవరుకూ పెట్టింది. దగ్గర్లో కొట్టు తెరిపించి కొన్న బ్రెడ్డుతో తిన్నాం. మీ హాస్టలువాళ్లు నిన్ను పులుసు అని పిలిస్తే ఆ గిన్నె సంగతి చెప్పు. ఆ పేరు చిన్నది కాదు.

ప్రశ్న: నేను నెల్లూరు ఆడపడుచును. ఒంగోలులో ఉద్యోగం. ఊరి పేరు చెప్పగానే 'ఓ, నెల్లూరు నెరజాణ' అని ఒక రకంగా నవ్వుతారు. ఇది పొగడ్తా, తిట్టా?

జవాబు: తల్లీ, మాటలో తప్పు లేదు. నెర అంటే నిండైన అని. జాణ అంటే నేర్పరి, మాట తెలిసిన మనిషి. రెండూ కలిపితే అన్నీ తెలిసిన నేర్పరి అని అర్థం. దాన్ని ఆ నవ్వు పాడుచేస్తోంది. ఈసారి ఎవరైనా అంటే, 'నెర అంటే ఏమిటి, జాణ అంటే ఏమిటి, చెప్పండి' అని నిదానంగా అడగండి.

కోవూరు నుంచి పొద్దున్నే కూరగాయల గంపతో ఎక్కే ఒకామె ఉండేది. టిక్కెట్ల మిషన్ నా చేతికి వచ్చిన కొత్తలో, నేను మీటలు నొక్కేలోపే నలుగురి ఛార్జీ, లగేజీ, నేనివ్వాల్సిన చిల్లర నోటితో చెప్పేసేది. ఒక్కరోజు తప్పు పోలేదు. నెరజాణ అంటే నాకు ఆమే గుర్తొస్తుంది. ఈ మాట నాకు పాతిక ఉత్తరాల్లో వచ్చింది. అన్నీ మగవాళ్లవి, ఎక్కువ భాగం బయటి ఊళ్లవాళ్లవి. ఒక్కటీ అచ్చుకు తీసుకోలేదు.

ప్రశ్న: ఒంగోలులో ఉపాధ్యాయుడిని. మా ఊరు పేరు చెబితే ఎక్కడికెళ్లినా ఎద్దు గురించే అడుగుతారు. 'మా ఎద్దుకు పాస్‌పోర్టు ఉంది, మాకు లేదు' అని మా వీధిలో ఒక మాట ఉంది. పిల్లలకు ఇది చెప్పొచ్చా?

జవాబు: తప్పకుండా చెప్పండి మాస్టారూ. మీరు రాసింది మీ ఊరికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు, అందుకే నాకు బాగా నచ్చింది. పాఠం కూడా చెప్పొచ్చు. ఒంగోలు జాతి పశువులను పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కించి బ్రెజిల్ తీసుకుపోయారు. ఈ రోజు అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. కానీ అక్కడ ఆ జాతిని 'నెలోర్' అంటారు. అంటే నెల్లూరు.

ఇది వినగానే ఒంగోలువాళ్లకు కోపం వస్తుంది. 'ఎద్దు మాది, పేరు వాళ్లది' అని సంతపేటలో ఒక రైతు నాతో తగాదాకు దిగినంత పని చేశాడు, నేనేదో ఆ పేరు పెట్టినట్టు. పిల్లలకు కారణం చెప్పండి. ఆ పశువులు ఓడెక్కే నాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1970లో ఒంగోలు పేరుతోనే కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఊరు ఇన్ని చేతులు మారింది. ఎద్దు మాత్రం పాత అడ్రసుతోనే బ్రెజిల్లో తిరుగుతోంది. మీ వీధిలో పాస్‌పోర్టు మాట అన్నది ఎవరో కనుక్కుని రాయండి. వాళ్ల నాన్నో తాతో గిత్తలు పెంచి ఉంటారని నా అనుమానం.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. పోయిన వేసవిలో గుంటూరులో చుట్టాల పెళ్లికి వెళ్లాను. ఫొటో తీసేటప్పుడు నవ్వాను. 'నవ్వగానే ఊరు తెలిసిపోయింది' అని ఒకరు అన్నారు, అందరూ నవ్వారు. నా పళ్ల మీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి. మా ఊళ్లో మేమూ ఇలాంటివి అనుకుంటాం. 'మాకు ఆధార్ కార్డు అక్కర్లేదు, పళ్లు చూపిస్తే చాలు' అంటాం. అప్పుడు నవ్వొచ్చేది. అక్కడ ఏడుపొచ్చింది. నాదే పొరపాటా?

జవాబు: కాదమ్మా. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ముందు ఆ మచ్చల సంగతి చెబుతాను, గుంటూరులో నవ్వినవాళ్లు కూడా చదవాలి. అది పళ్లు తోముకోకపోవడం వల్ల వచ్చిన మరక కాదు. మీ నేల కింది రాయిలో ఉన్న ఫ్లోరైడు నీళ్లలో కరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. అది దాటిన నీళ్లు తాగితే, చిగురు కింద పళ్లు తయారయ్యే వయసులోనే, అంటే ఎనిమిదేళ్లలోపే, ఆ మచ్చ పడిపోతుంది. తర్వాత ఎంత తోమినా పోదు. అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, నడుం వంగుతుంది. కందుకూరు–కనిగిరి బండిలో నలభై ఏళ్ల మనిషి మెట్టు ఎక్కలేకపోతే చెయ్యి పట్టుకుని ఎక్కించినవాణ్ణి నేను. ఆ చేతులు నాకు ఇంకా తెలుసు. ఇంకొక మాట, నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఫ్లోరైడు పోయేలా శుద్ధి చేసిన నీళ్లో, పైపులో వచ్చే నది నీళ్లో మాత్రమే పట్టండి. అన్నానికీ, పప్పుకీ కూడా అవే వాడండి.

ఇక మీరు అడిగింది. ఆధార్ కార్డు మాట మీ ఊరివాళ్లు అనుకునేటప్పుడు ఆ నవ్వులో అందరి పళ్లూ ఒకటే. అంటున్నవాడు కూడా అదే బోరు నీళ్లు తాగాడు. గుంటూరులో అన్నవాళ్లు ఆ నీళ్లు తాగలేదు. మాట ఒకటే అయినా అక్కడ మీరు ఒక్కరే మిగిలారు. అందుకే ఏడుపొచ్చింది. మీ తప్పు ఎక్కడా లేదు.

మీ వైపు నుంచే ఇంకో మాట వచ్చింది, అది మాత్రం రాష్ట్రమంతా వినాలి. అప్పు ఎప్పుడు తీరుస్తావంటే 'వెలిగొండ నీళ్లొచ్చాక' అంటారట. శ్రీశైలం నుంచి నల్లమల కింద సొరంగాల గుండా కృష్ణా నీళ్లు తెచ్చే ఆ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. ఈ మాట నేను పెద్ద అక్షరాల్లో వెయ్యమని ఎడిటరు గారిని అడిగాను.

అమ్మా, వచ్చే పెళ్లిలో ఫొటో తీస్తే నవ్వండి.

ప్రశ్న: మాది వేటపాలెం. 2022లో మమ్మల్ని బాపట్ల జిల్లాలో కలిపారు. నెల్లూరు, ప్రకాశం శీర్షికకు మేం రాయొచ్చా?

జవాబు: రాయండి. నేను పుట్టింది కందుకూరు దగ్గర పల్లెలో. మా నాన్న పెళ్లినాడు అది నెల్లూరు జిల్లా. 1970లో ప్రకాశంలోకి వచ్చింది, 2022లో మళ్లీ నెల్లూరుకు వెళ్లింది. 'మేం కదల్లేదు, జిల్లానే మమ్మల్ని దాటుకుంటూ పోయింది' అని మా అమ్మ అనేది. మీ ఊరి సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం. దాని గురించి మీ ఊరివాళ్లు ఏమని నవ్వుకుంటారో రాయండి. మీ ఊరి జీడిపప్పు గురించి ఇప్పటికే నాలుగు వచ్చాయి.

ప్రశ్న: మా నాన్న బిట్రగుంట రైలింజన్ల షెడ్డులో, ఇంజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశారు. 'అన్ని రైళ్లూ మా ఊరి మీదుగానే పోతాయి, మా ఊరికి మాత్రం రావు' అని మేం అనుకుంటాం. మీ పరీక్షలో ఇది నెగ్గుతుందా?

జవాబు: ఇలాగే ఉంచితే నెగ్గదు. రైలు ఆగని స్టేషన్లు చాలా ఉన్నాయి. కానీ మీ ఊరి సంగతి వేరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో మద్రాసు–విజయవాడ లైనులో బొగ్గుకూ నీళ్లకూ ఇంజన్లు మీ ఊరి ముందు నిలబడాల్సిందే. షెడ్డు, యార్డు, రైల్వే కాలనీ, పొద్దునా రాత్రీ మోగే సైరను, అదంతా ఒక పట్నంలాగే ఉండేదని మీ నాన్నగారి వయసువాళ్లు చెబుతారు. కరెంటు ఇంజనుకు దాహం లేదు. మీ ఊరి మాటకు ఆ దాహాన్ని కలపండి: 'రైలుకు దాహం ఉన్నన్నాళ్లూ మేం గుర్తున్నాం.' ఇప్పుడది బిట్రగుంటది, ఇంకే ఊరిదీ కాదు. మీ నాన్నగారు ఉంటే, ఈ మాట సరిగ్గా ఉందో లేదో ఆయన్ని అడిగి రాయండి. ఆయన కాదంటే కొట్టేస్తాను.

ప్రశ్న: వచ్చినవాటిలో మీకు బాగా నచ్చినవి చెప్పండి. – పొదిలి పాఠకుడు

జవాబు: మూడు చెబుతాను. కొండపి నుంచి: 'మా ఊళ్లో పెళ్లి ముహూర్తం పంతులు పెట్టడు, పొగాకు వేలం పెడుతుంది.' పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని మంట చూసుకున్న రైతు, బేళ్లు అమ్ముడుపోయి డబ్బు చేతికొచ్చేదాకా కూతురికి తేదీ ఖాయం చెయ్యలేడు. వేలం ధర పడిన ఏడు టంగుటూరు బస్సు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో నేను చెప్పలేను.

మార్కాపురం నుంచి: 'మీ అందరి తొలి తప్పులూ మా రాయి మీదే.' పలకలు అక్కడి గనుల నుంచే వెళ్లేవి. మా ఇంట్లో నేనూ మా చెల్లీ పంచుకున్న పలకకు ఒక మూల విరిగి ఉండేది. ఆ మాట చదవగానే అది గుర్తొచ్చింది.

మూడోది నెల్లూరు దర్గామిట్ట నుంచి: 'మా ఊళ్లో ఉద్యోగానికి అప్లికేషనూ పెడతాం, రొట్టే పడతాం.' మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు ఇచ్చే రొట్టె తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. అక్కడ హిందువా ముస్లిమా అని ఎవరూ అడగరు. ఈ మాట రాసిన అమ్మాయికి డీయస్సీ రొట్టె దొరికిందట. ఫలితం కోసం నేనూ టెన్షన్‌గా చూస్తున్నాను.

ప్రశ్న: కావలిలో డిగ్రీ చదువుతున్నాను. తెలుగు ప్రాజెక్టుకు మా ఊరి మీద ఇలాంటి మాటలు పోగు చెయ్యాలి. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఊరి పేరుతోనే మొదలుపెట్టు. 'టిక్కెట్టు యాడికి కావాలి?' అని నేను అడిగితే, 'కావలి' అనేవాళ్లు. 'కావాలనే కదమ్మా అడుగుతున్నా, యాడికి?' అంటే బస్సంతా నవ్వేది. మీ ఊరివాళ్లు ఒక్కరోజు కూడా దానికి విసుక్కోలేదు. కొందరు నేను అడగడం మర్చిపోతే గుర్తు చేసేవాళ్లు.

నోటుబుక్కు పట్టుకుని 'మీ ఊరి మీద జోకు చెప్పండి' అని అడగొద్దు, ఎవరూ చెప్పరు. పొద్దున తొలి పల్లెవెలుగు ఎక్కి చివరి స్టేజీ దాకా పో, పాల క్యాన్లవాళ్ల పక్కన కూర్చో. ఊరు దగ్గర పడ్డాక విను. ప్రతి మాట కిందా అన్నది ఎవరు, ఏ పని చేస్తారు, ఏ స్టేజీలో అన్నారు రాసుకో. వాళ్ల ఊరివాళ్లు అన్నదీ, పక్క ఊరివాళ్లు అన్నదీ వేరు వేరు పేజీల్లో పెట్టు. ఎవరినైనా ఏడిపించే మాటైతే ఆ మనిషిని అడగకుండా ప్రాజెక్టులో చేర్చొద్దు.

మీ లెక్చరరు భాష దిద్దమంటారేమో. నా మాటగా ఆయనకు చెప్పు, దిద్దొద్దని. అల్లూరు రోడ్డులో బస్సు కోసం పరిగెత్తుకొస్తూ ఒక అవ్వ 'ఆపు నాయనా, వస్తా ఉండా, వస్తా ఉండా' అని కేకేస్తే, నువ్వు 'వస్తున్నాను' అని రాస్తే, ఆ అవ్వ ఎక్కడ బస్సెక్కిందో చదివినవాళ్లకు తెలియదు.